మేకుకు తగిలించిన మొలతాడు

పోయిన నెల కొండ దిగి వచ్చి, తిరుపతిలో ఒక హోటల్లో టిఫిన్ తిన్నాం, నేనూ మా మనవరాలూ. బిల్లు కట్టబోతే ఫోన్ పనిచేయలేదు. మనవరాలు మళ్ళీ మళ్ళీ నొక్కింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. గల్లా దగ్గర కూర్చున్నతను నా చేతిసంచీ వైపు చూసి, "చిల్లరేమన్నా ఉండాదా మా?" అన్నాడు.

సంచీ విప్పి చూపించాను. పైన హుండీలో అంతా వేసేసి వచ్చాను. అడుగున ఒక్క ఐదు రూపాయల బిళ్ళ ఉంది.

"అదన్నా ఇయ్యండి. మిగిలింది మళ్ళా సూస్తాం" అన్నాడు నవ్వుతూ.

"అది ఇవ్వడానికి లేదు" అన్నాను.

మనవరాలు నన్ను వింతగా చూసింది. ఇంతలో ఫోన్ కూసింది, డబ్బు చేరింది, బయటికి వచ్చాం. మెట్లు దిగుతుంటే నాకు తెలియకుండానే చెయ్యి చెవి దగ్గరికి పోయింది. కమ్మ ఉంది. రెండో చెవి కూడా తడుముకున్నాను.

నేను లెక్కలు రాసుకునే మనిషిని. పాలవాడికి ఏ తేదీన ఎంత ఇచ్చానో, ఏ పండక్కి ఏ చీర ఎంతకు కొన్నానో అడిగితే చెప్పగలను. ఇప్పుడు చెప్పబోయే సంగతికి మాత్రం తేదీ వేయను. తేదీ వేస్తే అది అయిపోయిన సంగతి అవుతుంది.

మా ఊరు పూతలపట్టు కూడలి నుంచి నడిచి పోయేంత దూరంలో ఉండేది. చెరుకు పండే ఊరు. గానుగ ఆడే కాలంలో ఊరంతా బెల్లం వాసన. బట్టలకూ అదే, తలవెంట్రుకలకూ అదే, బడికి తీసుకుపోయే పలకకూ అదే. పెనంలో పాకం ముదిరే వేళకు పిల్లలం చెరుకు పిప్పి చేతపట్టుకుని చుట్టూ చేరేవాళ్ళం. మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, గరిటెతో ఇంత వేడి పాకం ఆ పిప్పి మీద పోసేవాడు. ఊదుకుంటూ నాకేవాళ్ళం. మా నాయన చూశాడంటే తిట్టేవాడు.

"అమ్మే సరుకురా అది!"

"నాకే నోళ్ళు గూడా మనవే గదన్నా" అనేవాడు చిన్నాయన.

ఒకరోజు చిన్నాయన బెల్లం బండి వెంట చిత్తూరు మండీకి పోయాడు. సాయంత్రానికి బండి తిరిగొచ్చింది, ఆయన రాలేదు. బండి తోలిన మనిషి బెల్లం అమ్మిన డబ్బు తెచ్చి నాయన చేతిలో పెట్టి, "నువ్వు పద, ఎనకాల్నే వస్తా అన్నాడు" అని చెప్పాడు. అంతే. తర్వాత ఎవరో పలమనేరు బస్టాండులో చూశామన్నారు. నాయన పలమనేరు పోయాడు, అటు నుంచి బెంగుళూరు దాకా పోయాడు. ఒట్టి చేతులతో వచ్చాడు. ఆ ముందురోజు గానుగ దగ్గర అన్నదమ్ములిద్దరికీ మాటా మాటా వచ్చిందని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. ఏమన్నాడో నాయన ఎన్నడూ చెప్పలేదు.

మా నాయన వాళ్ళమ్మను నేను జేజి అనేదాన్ని. చిన్నాయన ఇల్లు విడిచి పోయాక జేజి ఏడ్చింది గానీ ఎదురుచూడలేదు. ఈ రెండింటికీ తేడా ఉందని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

రెండేళ్ళు గడిచాక, సామికి శనివారాలు విశేషమైన పెరటాసి నెలలో ఒక శనివారం, జేజి కొండకు పోదామంది. జేజీ, నాయనా, నేనూ, ముగ్గురం బయలుదేరాం. నాకప్పటికి తొమ్మిదేళ్ళు. అంతకుముందు ఏడాది కొండ మీద జనంలో ఎవరో నాయన జేబు కత్తిరించారు. అందుకని ఈసారి డబ్బంతా ముందే జేజి రొంటికి చేరింది. జేజి నడుము దగ్గర చీరలో ఒక గుడ్డసంచి దోపుకునేది. ఆకూ వక్కా, సున్నం డబ్బీ, డబ్బూ అన్నీ అందులోనే. ఆ సంచీ దాకా దొంగ చెయ్యి పోలేదని నాయన ధైర్యం.

పైన దర్శనం అయ్యాక తోపులాటలో జేజి ముందుకు పోయింది. నాయన నన్ను భుజానెత్తుకుని వెనకబడ్డాడు. హుండీ దాటి బయటికి వచ్చేసరికి జేజి ఒక గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పైట చెంగు తల నిండా కప్పుకుని ఉంది. ఎండకేమో అనుకున్నాను. పొంగలి ప్రసాదం ఆకుదొన్నెలో పెట్టించుకుని ముగ్గురం తిన్నాం. నడిచి కొండ దిగాం. దారి పొడవునా జేజి ఆ చెంగు తియ్యలేదు. నేను మెట్టు మెట్టుకూ ఆకలంటూనే ఉన్నాను.

కింద, బస్టాండుకు పోయే దారిలో ఒక భోజనం హోటలు. తలుపు దగ్గరికి రాగానే సాంబారు వాసన, తడిసిన అరిటాకుల వాసన, సామి పటం ముందు ఊదొత్తుల పొగ, కాఫీ డికాక్షను, అన్నీ కలిసి ముఖానికి కొట్టాయి. లోపల బల్లలన్నీ నిండిపోయి ఉన్నాయి. తింటున్న ప్రతి మనిషి వెనకా ఇంకొక మనిషి, ఎప్పుడు లేస్తాడా అని నిలబడి ఉన్నాడు. మేం కూడా అట్లాగే నిలబడి, చోటు దొరికాక కూర్చున్నాం.

"రెండాకులా, మూడా అన్నా?" అన్నాడు వడ్డించే మనిషి.

"నాకొద్దు నాయనా. శనివారం, ఒక్కపొద్దు" అంది జేజి.

"పొద్దున పొంగలి తింటివి గదా జేజీ?" అన్నాను.

బల్ల కింద నా తొడ మీద గట్టిగా గిల్లింది. "అది ప్రసాదం. దానికి ఒక్కపొద్దు చెడదు."

"అట్లయితే మా సాంబారు గూడా ప్రసాదమే అనుకో అవ్వా" అని వడ్డించే మనిషి నవ్వి, రెండాకులు వేశాడు.

ఆ భోజనం నాకు ఇప్పటికీ నాలుక మీద ఉంది. బీన్సు కూర, గుమ్మడికాయ సాంబారు, మిరియాల చారు, అప్పడం. నాయన మారు అన్నం పెట్టించుకున్నాడు. జేజి మా ఆకుల వైపు చూడకుండా వీధి వైపు తిరిగి కూర్చుంది. నేను అప్పడం ముక్క నోటి దగ్గర పెడితే తల అడ్డంగా ఊపింది.

నాయన చెయ్యి కడుక్కొని వచ్చాడు. "మా, డబ్బులియ్యి."

జేజి కదల్లేదు.

"ఎనకాల జనం నిలబడుండారు. ఇయ్యి మా."

"లేవు."

"లేవంటే? యాడ పోయినాయి?"

"యాడికీ పోలా. ఇచ్చేసినా."

"ఎవురికి?"

"ఎవురికేంది. ఆయనకే" అని జేజి గడ్డంతో కొండ వైపు చూపించింది. అప్పుడే తల మీద పంకా గాలికి చెంగు జారింది. జేజి చెవులు బోసిగా ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ చెవులకు ఎర్రరాళ్ళ కమ్మలు తప్ప నేను వేరే చూడలేదు. ఏళ్ళ తరబడి ఆ బరువుకు సాగిన తమ్మెలు, నడుమ పొడుగాటి రంధ్రాలు, ఖాళీగా ఊగుతున్నాయి. చేతికి వెండి కడియం లేదు. అది ఉండే చోట తెల్లటి మచ్చ మాత్రం ఉంది. నాకు భయం వేసింది. మా జేజి కాదు, వేరెవరో వచ్చి కూర్చున్నట్టు అనిపించింది.

వడ్డించే మనిషికి ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. "అన్నా, అవ్వ చెవులు సూడు. నిలువు దోపిడి ఇచ్చినట్టుండాది."

నిలువు దోపిడి అంటే మొక్కుకున్న మనిషి ఆ సమయానికి ఒంటి మీద, ఒంటి దగ్గర ఏమేమి ఉంటే అవన్నీ ఒలిచి హుండీలో వేసేయడం. నగానట్రా, డబ్బూ దస్కం, ఏదీ వెనక్కి పెట్టుకోకూడదు. అదే ఆ మొక్కుకు బలం అంటారు.

"నాతో ఒక మాట చెప్పేదానికి లేదా?" అన్నాడు నాయన.

"చెప్తే ఇయ్యనిస్తావా?"

"బస్సు ఎట్ల ఎక్కేది?"

"నడస్తాం."

"పాపను పెట్టుకోని పూతలపట్టు దాకా నడస్తావా?"

"ఆడు రెండేండ్లుగా యాడ నడస్తా ఉండాడో" అంది జేజి.

నా వెనక నిలబడి ఉన్న లావుపాటి మనిషి, "అంత ఇచ్చినామె రెండాకులకు మిగిలిచ్చుకోగూడదా" అని పక్కవాడితో అన్నాడు. ఇద్దరూ నవ్వారు. సాంబారు బకెట్టు పట్టుకుని పోతున్న ఇంకొకతను, "రుబ్బురోలు కాళీగానే ఉండాదిలే అన్నా. మినప్పప్పు నానబోసే ఉండారు" అన్నాడు.

నాయన చొక్కా చేతులు పైకి మడిచాడు. "యాడుండాది? సూపియ్యప్పా."

ఆ మనిషి ముఖం మాడిపోయింది. "ఊరికే అన్నానన్నా, తమాషాకి."

"నేను తమాషాకి తిన్లా" అన్నాడు నాయన.

గల్లా పెట్టె వెనకున్న మనిషి అప్పుడు పిలిచాడు. సన్నగా ఉన్నాడు, నుదుట నామం, చెవి సందున పెన్సిలు. ముగ్గురం ఆయన ముందుకు పోయి నిలబడ్డాం. నాయన భుజం మీది తుండుగుడ్డ తీసి బల్ల మీద పెట్టాడు.

"దీన్ని నేనేం జేసుకునేదన్నా" అన్నాడాయన, కోపంగా కాదు. "నేను ఓనరు గాదు. సాయంత్రం ఓనరొచ్చి గల్లా ఎంచుకుంటాడు. తక్కువైతే నా జీతంలో పట్టుకుంటాడు. నాకూ పిల్లోళ్ళుండారు. తాకట్టుకు ఏదన్నా ఉంటే సూడండి."

నాయన తల దించుకున్నాడు. జేజి రొంటిన దోపుకున్న గుడ్డసంచి తీసింది. ఆకులు తీసింది, సున్నం డబ్బీ తీసింది. అడుగు నుంచి ఒక పాత గుడ్డముక్క తీసి విప్పింది. అందులో పసిబిడ్డకు కట్టే వెండి మొలతాడు. అక్కడక్కడా నల్లబడి, చిన్న చిన్న మువ్వలతో ఉంది.

నాయన దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. "మా, ఇది వాడిది గదా."

"ఊ."

"మా తమ్ముడి చిన్నప్పటిదన్నా" అని నాయన గల్లా మనిషికి చెప్పాడు. "వాడు ఇల్లిడిసి పోయినాడు. వాడి కోసరమే ఈ మొక్కు."

గల్లా మనిషి మొలతాడు వైపు, జేజి చెవుల వైపు చూశాడు. "నిలువు దోపిడి అంటిరే అవ్వా. మరి ఇది మిగిలిందే?"

"చెయ్యి రాలా నాయనా" అంది జేజి. "హుండీ కాడ పిడికిట్లోకి తీసినా. వేళ్ళు ఇడవలా."

ఆయన వెనక గోడ మీద సామి పటం, దాని కింద పూలదండలు తగిలించే ఒక మేకు ఉన్నాయి. మొలతాడు తీసుకుని ఆ మేకుకు తగిలించాడు. మువ్వలు ఒకసారి మోగి ఆగాయి. తన జేబులోంచి బస్సు చార్జీ తీసి నాయన చేతిలో పెట్టి, "వారంలో రాండి. ఈ మేకు మింద నుంచి అది కదల్దు" అన్నాడు.

తర్వాత జేజితో, "నువ్వు కూసో అవ్వా. ఇచ్చినామె పస్తు, ఇయ్యనోళ్ళకు భోజనమా? ఒక్కపొద్దు సంగతి నాకు చెప్పబాకు" అని, తనే లేచి ఆకు వేయించాడు. ఇందాక నవ్విన లావుపాటి మనిషి జరిగి చోటిచ్చాడు. జేజి పెరుగన్నం నాలుగు ముద్దలు తింది. తింటున్నంత సేపూ ఆమె చూపు ఆ మేకు మీదే ఉంది.

వారం తిరిగేసరికి నాయన డబ్బు సర్దుకున్నాడు. రెండు భోజనాలు, ముగ్గురి బస్సు చార్జీ, పైన ఆయనకు పెట్టడానికి ఒక అచ్చు బెల్లం. నన్నూ వెంట తీసుకుపోయాడు. బయలుదేరేటప్పుడు జేజి చింతపండు నానబోస్తూ కనిపించింది, మొలతాడు రాగానే తోమి మెరిపించాలని.

హోటల్లో అడుగుపెట్టగానే నా కళ్ళు గోడ మీదికి పోయాయి. మేకు ఒట్టిదిగా ఉంది.

గల్లా మనిషి మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. "అన్నా, అది ఈడ లేదు."

"అమ్ముకుంటివా?" అన్నాడు నాయన. గొంతు పెద్దది చేశాడు. తినేవాళ్ళంతా తలలెత్తారు. "కదల్దని చెప్పినావే! వెండి కనపడతానే ఆశ పుట్టిందా?"

"అమ్ముకుంటే నా కండ్లు పోతాయి" అన్నాడాయన. "రోజూ దాని కింద కూసోని లెక్క సూసుకోవల్ల నేను. ఫ్యాను గాలికి మువ్వలు మోగతా ఉంటాయి. నిలువు దోపిడి ఇచ్చినామె ఒంటి మింద మిగిలింది గదన్నా అది. నాది గాదు, మీది గాదు. ఆయనది. ఆయన సొమ్ము నా నెత్తి మింద ఏలాడతా ఉంటే నాకు కూడు దిగలా. నిన్న పైకి పోయి హుండీలో ఏసేసినా. అవ్వ మొక్కు ముక్కలు గాకూడదని ఏసినా."

మొదటి రోజు మాకు వడ్డించిన మనిషి దగ్గరికి వచ్చి, "నిజమే అన్నా, నేనూ ఎంట పోయినా" అన్నాడు.

నాయన డబ్బు బల్ల మీద పెట్టాడు. ఆయన వెనక్కి తోశాడు. "ఓనరుకు నేను కట్టేసినా. నాకు రావాల్సింది ఏమీ లేదు." బెల్లం మాత్రం రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆయన తప్పు చేశాడని నాయన అనలేకపోయాడు. మంచి చేశాడని కూడా అనలేకపోయాడు.

మేం ఇంటికి వచ్చేసరికి జేజి అరుగు మీద కూర్చుని ఉంది, పక్కన చింతపండు గిన్నె. నాయన దాచకుండా అంతా చెప్పాడు. జేజి వింటూ చింతపండును వేళ్ళతో నలుపుతూనే ఉంది. అంతా విన్నాక చెయ్యి ఆగింది.

"అయితే ఇంక బాకీ లేదు" అంది.

లేచి కాళ్ళు కడుక్కుంది. తల దువ్వుకుంది. అన్నం తనే వండింది. సాయంత్రం ఒక కంచం ఎక్కువ వేసింది. అందరం చూశాం.

ఆ రోజు నుంచి జేజి ఎదురుచూడడం మొదలుపెట్టింది. పొద్దు వాలగానే నా చెయ్యి పట్టుకుని పూతలపట్టు కూడలికి నడిచేది. తిరుపతి నుంచి చిత్తూరు పోయే బస్సు వచ్చి ఆగేది. దిగే ప్రతి మనిషి ముఖంలోకీ చూసేది. గడ్డాలు పెరిగినవాళ్ళను మరీ దగ్గరికి పోయి చూసేది. "ఏమవ్వా, ఎవురి కోసరం?" అని అడిగితే, "మావోడు వస్తా ఉండాడు" అనేది, ఉత్తరం వచ్చినంత గట్టిగా. బస్సు పోయాక దుమ్ములో ఇద్దరమే మిగిలేవాళ్ళం. మసక వెలుతురులో ఆమె చెవి తమ్మెలు ఊగేవి. కమ్మలు మళ్ళీ చేయిస్తానని నాయన ఎన్నిసార్లు అడిగినా వద్దంది. తిరిగి నడుస్తుంటే వెనక ఎవరో వస్తున్నట్టు ఉండేది నాకు. తిరిగి చూసేదాన్ని కాదు. జేజి మాత్రం ఆగి ఆగి చూసేది.

ఇంట్లో ఆ కంచం మీద మూత ఉండేది. పొద్దున్నే ఆ అన్నంలో నీళ్ళు పోసి గానుగ ఎద్దులకు పెట్టేవాళ్ళు.

చిన్నాయన రాలేదు. గానుగలు పోయాయి, బెల్లం పెనాలు తుప్పుపట్టాయి, నాకు పెళ్ళయింది, నాయన తల నెరిసింది. ఆయన ఆ రోజు తమ్ముణ్ణి ఏమన్నాడో ఆయనతోనే పోయింది.

జేజి మంచం పట్టాక ఒక మధ్యాహ్నం నేను పక్కన కూర్చుని ఉన్నాను. ఉన్నట్టుండి అంది:

"ఆ హోటలాయన మంచోడే పాపా."

"మంచోడే జేజీ."

"అయినా ఎందుకు ఏసినాడో." కాసేపు ఊపిరి తీసుకుంది. "అది నా కాడుంటే, నేను దాచుకున్నా గాబట్టి రాలేదులే అనుకునేదాన్ని. తప్పు నా మింద ఏసుకునేదాన్ని. అంతా ఇచ్చేసినాక ఇంకేమనుకునేది చెప్పు?"

ఇన్నేళ్ళ నుంచీ లెక్కలు రాస్తున్నాను, ఇప్పటికీ చెప్పలేను. ఇవ్వాల్సింది అంతా ఇచ్చింది. ఇవ్వలేనిదాన్ని ఇంకొక మనిషి ఆమె తరఫున ఇచ్చాడు. కూడిక ఎన్నిసార్లు వేసినా సరిపోతుంది. మనిషే రాలేదు. అప్పుడప్పుడూ నిద్రలో మువ్వలు ఒక్కసారి మోగి ఆగుతాయి. కళ్ళు తెరిస్తే ఎదురుగా గోడ, గోడ మీద ఏమీ తగిలించని మేకు. మా ఇంట్లో అట్లాంటి మేకు లేదు, చూసుకున్నాను.

వచ్చే నెల మా అమ్మాయికి గుండె ఆపరేషను. అందుకే పోయిన నెల కొండకు పోయాను. హుండీ ముందు నిలబడి సంచీలో ఉన్నదంతా వేశాను, నోట్లూ, చిల్లరా. ఆఖరి బిళ్ళ చేతిలోకి వచ్చినప్పుడు పిడికిలి మూశాను.

తిరుగు బస్సులో మనవరాలు అడిగింది, "ఆ ఐదు రూపాయలు ఎందుకియ్యలేదు అవ్వా? దేనికి దాచుకున్నావు?"

"అవసరం పడకూడదని దాచుకున్నా" అన్నాను. ఆ పిల్లకు అర్థం కాలేదు. కాకపోవడమే మంచిది.

పూతలపట్టు దగ్గర బస్సు ఆగింది. పొద్దు వాలుతోంది. ఎవరో ఇద్దరు దిగారు, ఒకతనికి నల్లటి గడ్డం ఉంది. కిటికీలోంచి వంగి అతని ముఖం కనపడేదాకా చూశాను. చిన్నాయన బతికి ఉంటే ఇప్పుడు ఆ వయసు కాదని నాకు తెలుసు, అయినా చూశాను. బస్సు కదిలింది. బిళ్ళ నా పిడికిట్లో చెమటకు తడిసి ఉంది.